ముడుచుకోవడం రాని తాబేలు

సముద్రపు తాబేలుకు ముడుచుకోవడం రాదు.

ఊరచెరువు తాబేలును పుల్లతో పొడిచి చూడండి. తలా కాళ్లూ డిప్పలోకి లాక్కుని రాయిలా కూర్చుంటుంది. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీకి ఆ వసతి లేదు. దాని పూర్వీకులు కోట్ల ఏళ్ల కిందట నేల విడిచి సముద్రంలోకి దిగినప్పుడు కాళ్లను తెడ్లు చేసుకున్నారు, ఈతకు అడ్డురాకుండా డిప్పను సన్నం చేసుకున్నారు. ఆ బేరంలో దాక్కునే విద్య పోయింది. ఇప్పుడు తల ఎప్పుడూ బయటే. ఏ ఆపద వచ్చినా తలతోనే ఎదుర్కోవాలి.

గీత రెండో అధ్యాయంలో స్థితప్రజ్ఞుడికి పోలిక తాబేలే. అది అవయవాలను లోపలికి లాక్కున్నట్టు ఎవడు ఇంద్రియాలను వెనక్కి మళ్లించుకుంటాడో వాడే జ్ఞాని. ఆ లెక్కన రిడ్లీ పరమ అజ్ఞాని. జ్ఞానులను చూడాలంటే సముద్రం దాకా వెళ్లనక్కర్లేదు, నాలుగు ఫోన్లు చేస్తే చాలు. నేను చేశాను.

ఓ జనవరి ఆదివారం పొద్దున్నే నడకకు వెళ్తే ఒడ్డున ఒక తాబేలు పడి ఉంది. రెండడుగుల పైచిలుకు డిప్ప. మెడ ఉబ్బి, కళ్లు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఒంటి మీద గాయం లేదు. కుక్కలు ఇంకా మొదలుపెట్టలేదు, వాటి వాటాలు తేలలేదనుకుంటాను. ఒకాయన దాని పక్కన మనవణ్ణి నిలబెట్టి ఫొటో తీస్తున్నాడు. "దండం పెట్టుకో నాన్నా, దేవుడు" అని కూడా అన్నాడు.

ఒక కార్యాలయానికి ఫోన్ చేశాను.

"తాబేలు ఎక్కడ చచ్చిందండీ? నీళ్లలోనా, ఒడ్డునా?"

"ఒడ్డున పడి ఉందండి."

"పడి ఉండటం వేరు, చావడం వేరు సార్. చచ్చింది నీళ్లలో కదా! నీళ్లలోకి మేం వెళ్లం. బోట్ల సంగతి చూసేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లకి చెప్పండి."

వాళ్లకి చెప్పాను. "మాది చేపల వరకేనండి. తాబేలు వన్యప్రాణి. మేం ముట్టుకుంటే కేసు" అన్నారు, నిజంగానే భయపడుతున్న గొంతుతో. మూడో చోట మాత్రం మర్యాదగా మాట్లాడారు. "వాసన వస్తోందాండీ? వస్తే మా కిందికే వస్తుంది. ట్రాక్టర్ పంపిస్తాం. ఇవాళ ఆదివారం కదా" అన్నారు. చివరికి తెలిసిన బోటు యజమానిని కదిపాను. "మన బోటుకి తాబేలు పడదండీ. పక్క బోటుకి పడి ఉంటుంది" అన్నాడు. ఆ హార్బర్‌లో ప్రతి బోటుకీ ఒక పక్క బోటు ఉంది.

అరగంటలో నాలుగు తలలు నాలుగు డిప్పల్లోకి వెళ్లిపోయాయి. అయిదోది నాది. ఆ పూట మా ఇంట్లో రొయ్యల ఇగురు. అవి ఏ వలలో పడ్డాయని నేను అడగలేదు.

ఒంటి మీద గాయం లేకుండా అంత తాబేలు ఎలా చచ్చిందంటే, మునిగి. నీళ్లలో బతికే జంతువు నీళ్లలో మునిగి చావడమేమిటని నవ్వకండి. తాబేలుకు మొప్పల్లేవు, మనలాగే ఊపిరితిత్తులు. పైకి వచ్చి ఒక గుక్క గాలి పీల్చుకుని మళ్లీ దిగుతుంది. నిద్రలో ఉంటే ఆ గుక్కతో గంటలు గడుపుతుంది గానీ, భయపడి పెనుగులాడితే అదే గాలి నిమిషాల్లో అయిపోతుంది. ట్రాల్ వల అంటే మూతి వెడల్పుగా, తోక ఇరుకుగా ఉండే పెద్ద సంచి. దాన్ని బోటు వెనక గంటల తరబడి అడుగున ఈడుస్తారు. రొయ్యలతో పాటు తాబేలూ లోపలికి పోతుంది. వెనక్కి తిరిగే చోటుండదు, పైకి వచ్చే దారుండదు.

ఇంకో దారుణం ఉంది. వల పైకి లాగినప్పుడు కదలకుండా ఉన్న తాబేలు చచ్చిందనుకుంటారు. చాలాసార్లు అది స్పృహ తప్పి ఉంటుంది, అంతే. వెనక భాగం కాస్త ఎత్తులో ఉండేలా డెక్ మీద నీడన పడుకోబెట్టి, ఒళ్లు తడుపుతూ కొన్ని గంటలు ఆగితే ఊపిరితిత్తుల్లోని నీరు కారిపోయి తేరుకోవచ్చు. కానీ ఎవరూ ఆగరు, నీళ్లలోకి తోసేసి చేతులు దులుపుకుంటారు. నీళ్లలో పడ్డాక నిజంగా చస్తుంది.

దీనికి మందు లేదా అంటే, ఉంది. నా వయసు వాళ్ల తలలు నెరిసినంత కాలం నుంచీ ఉంది. వల మెడలో ఏటవాలుగా ఒక కమ్మీల చట్రం, దాని దగ్గర ఒక తలుపు. రొయ్యలు కమ్మీల సందుల్లోంచి సంచిలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి జారి తలుపులోంచి బయటపడుతుంది. టెడ్ అంటారు. దీని తొలి రూపాన్ని కనిపెట్టింది ఏ పర్యావరణవేత్తో కాదు, అమెరికాలోని జార్జియాలో సింకీ బూన్ అనే రొయ్యల వేటగాడు. అదీ 1960లలో, తాబేళ్ల మీద జాలితో కాదు, వల నిండా జెల్లీ చేపలు పడి ప్రాణం విసిగి. మన కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టు సొంత నమూనా తయారు చేసింది. శిక్షణ శిబిరాలు జరిగాయి, ఫొటోలు దిగారు, చట్రాలు పంచారు. ఒక హార్బర్‌లో నేను అలాంటి చట్రాన్ని కళ్లారా చూశాను. దాని మీద నెత్తళ్లు ఆరబెట్టారు. గాలి బాగా ఆడుతోంది.

టెడ్ చరిత్రలో మనకొక విజయగాథ కూడా ఉంది. తలుపు లేని వలలతో పట్టిన రొయ్యలు మాకొద్దని అమెరికా 1989లో చట్టం చేసింది. తర్వాత దాన్ని అన్ని దేశాలకూ వర్తింపజేసేసరికి 1996లో భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కాయి. భారత్, పాకిస్తాన్ ఒకే పక్షాన, ఒకే గొంతుతో! కశ్మీరు మీద కుదరని ఐక్యత రొయ్య మీద కుదిరింది. 1998లో తీర్పు వచ్చింది. తాబేళ్లను కాపాడాలనడం తప్పు కాదుగానీ అమెరికా అన్ని దేశాలనూ ఒకే తీరుగా చూడలేదని తప్పుపట్టారు. మనం గెలిచాం. అమెరికా చట్టం మన నీళ్లలో చెల్లదని వాదించాం, ఆ వాదన సబబే. పరాయివాడి చట్టం మనకెందుకు? మన చట్టం మనకుంది కదా! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆలివ్ రిడ్లీది మొదటి షెడ్యూలు, అంటే పెద్దపులి పక్క కుర్చీ. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట చట్టం కింద మరబోట్లు తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపలికి రాకూడదు. తాబేళ్లు గుడ్లకు ముందు గుమిగూడేది ఎక్కువగా ఆ తీరపు నీళ్లలోనే. కాబట్టి కాగితం మీద మన తాబేలు జెనీవాలోని వాణిజ్య సంస్థ దగ్గర కన్నా ఇక్కడే భద్రంగా ఉంది. కాగితం మీద ఈదితే చాలు.

ఆ తీర్పు తర్వాత చాలా ఏళ్లకు అమెరికావాడు మన సముద్రపు రొయ్యలు కొనడం ఆపేశాడు. అయినా ఆంధ్రలో ఎవరికీ నిద్ర పట్టకుండా పోలేదు. మనం పంపేది భీమవరం పక్క చెరువుల్లో పెరిగిన వెనామీ. చెరువు రొయ్యకు తాబేలుతో పేచీ లేదు. సముద్రపు రొయ్యలు మనమూ తింటాం, మనం తలుపులు అడగం.

వేట నిషేధం మాటేమిటంటారా? అదీ ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టారు, మంచిదే. రిడ్లీలు మాత్రం నవంబరు, డిసెంబరుల్లో మన తీరానికి చేరుతాయి, జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెడతాయి. పురిటికి వచ్చిన ఆడపడుచు వెళ్లిపోయిన మర్నాటి నుంచి ఇంట్లో అరవకండర్రా అని మనం ఆంక్ష పెడుతున్నాం. 2025 జనవరిలో చెన్నై తీరానికి వెయ్యికి పైగా కళేబరాలు కొట్టుకొచ్చాయి. అదే నెలలో కాకినాడ తీరంలో చచ్చిన తాబేళ్ల మీద మన ఉప ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు. తీరానికి కొట్టుకొచ్చేవి చచ్చిన వాటిలో కొన్నే. మిగతావి నడిసముద్రంలోనే లెక్క తేల్చుకుంటాయి.

ఇక్కడ చిన్న బోట్ల వాళ్లకు ఒక మాట బాకీ ఉంది. తెప్పల మీద, నాటు పడవల మీద వెళ్లేవాళ్లలో వలలో తాబేలు పడితే దండం పెట్టి వదిలేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వల తెగితే ఆ నష్టం వాళ్లదే, ఎవరూ పరిహారం ఇవ్వరు. రాత్రులు టార్చిలైట్లతో ఇసుకలో అడుగుజాడలు వెతికి, కుక్కలూ నక్కలూ తవ్వకముందే గుడ్లు భద్రం చేసేదీ ఆ గూడేల కుర్రాళ్లే. ఆ గుడ్లను గంటల వ్యవధిలోనే తరలించాలి. ఆలస్యం చేసి అటూ ఇటూ తిప్పితే లోపలి పిండం చనిపోతుంది. ఆ పని వాళ్లు ఏ కెమెరా లేకుండా చీకట్లో చేస్తారు.

కెమెరా వచ్చేది 45 రోజుల తర్వాత, గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చాక. పిల్లలకు బొడ్డు పచ్చసొనలో కొద్దిపాటి శక్తి మిగిలి ఉంటుంది. పుట్టిన తొలి గంటల్లో ఆ శక్తితో పిచ్చిపట్టినట్టు ఈది ఒడ్డు వేటగాళ్లకు దూరంగా పారిపోవాలి, అదే వాటి జీవితంలో ఏకైక పెట్టుబడి. అందుకే రాత్రి పుట్టినవాటిని చీకటి ఉండగానే వదలాలి. కానీ ముఖ్య అతిథి గారు తొమ్మిదిన్నరకు వస్తారు. బయల్దేరారు, టిఫిన్ చేస్తున్నారు, దారిలో ఉన్నారు. అంతదాకా పిల్లలు నీలం ప్లాస్టిక్ టబ్బులో గోడలకేసి ఈదుతూ ఆ పెట్టుబడంతా తగలేస్తాయి. ఆయన వచ్చి, బూట్లు విప్పాలా వద్దా అని ఆలోచించి, రెండు వేళ్లతో ఒకదాన్ని పట్టుకుని, అటు కాదు సార్ ఇటు అనిపించుకుని, కెమెరావైపు చూస్తూ వదులుతారు. డ్రోను తిరుగుతుంది. పైన కాకులూ తిరుగుతాయి. వాటికీ ఆహ్వానం అందింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. వెయ్యి పిల్లల్లో పెద్దయ్యేది సుమారు ఒకటి అంటారు. ఒక గూటిలో నూటికి కొంచెం అటూ ఇటూగా గుడ్లుంటాయి. అంటే అతిథి గారు ఆ ఉదయం వదిలిన వంద పిల్లలూ కలిపి ఒక తాబేలులో పదోవంతు. మహా అయితే ఒక తెడ్డు. అదే ఉదయం ఎదురుగా కనిపిస్తున్న బోటు వలలో మునిగిన తాబేలు మాత్రం పూర్తి తాబేలు. ఈడేరడానికి పదేళ్లకు పైగా పట్టిన తల్లి. వెయ్యి మందిలో మిగిలిన ఆ ఒక్కతీ అదే. దాని బాకీ తీర్చాలంటే ఇలాంటి సభలు పది జరగాలి, పది శాలువాలు కప్పాలి, ఆపైన పదిహేనేళ్లు ఆగాలి. ఇన్నేళ్లుగా మనం ముందు తలుపు దగ్గర పిల్లలకు హారతిస్తూ దొడ్డి తలుపు దగ్గర తల్లులను పూడుస్తున్నాం.

ఇంతలో ఫైళ్లు నత్తల్లా, తాబేళ్లలా నడుస్తున్నాయని పత్రికలు రాస్తుంటాయి. నత్త సంగతి నాకు తెలియదు, తాబేలుకు మాత్రం ఇది పరువు నష్టం. 2021లో ఒడిశా తీరంలో ట్యాగు వేసిన ఒక రిడ్లీ 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనిపించింది. లంక చుట్టూ తిరిగి వచ్చి ఉంటే దాదాపు 3,500 కిలోమీటర్ల ప్రయాణమని అంచనా. అదే నాలుగేళ్లలో ఒక చట్రం ఫైలు ఒక బల్ల నుంచి పక్క బల్లకు చేరి ఉంటే నాకు చెప్పండి, నత్తకు సన్మానం చేద్దాం.

అదృష్టవశాత్తూ మనం భక్తులం. శ్రీకాకుళం పక్కన శ్రీకూర్మంలో విష్ణువు తాబేలు రూపంలోనే మూలవిరాట్టు. ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్లు తిరుగుతుంటాయి, భక్తులు ఆకులు పెడతారు. సముద్రం ఆ గుడికి ఎంతో దూరం కాదు. ఒకే పూట గుళ్లో కూర్మావతారాన్నీ ఒడ్డున కూర్మం కళేబరాన్నీ చూసి, ఒకదానికి పళ్లెంలో పది రూపాయలూ రెండోదానికి ముక్కు మీద రుమాలూ సమర్పించి రావచ్చు. పాలకడలిలో మందరగిరిని మోసిన వీపు అది. బంగాళాఖాతంలో నైలాను తాడు మోయలేకపోయింది.

గుడి చాలక ఇంటికీ తెచ్చుకున్నాం. వేలికి తాబేలు ఉంగరం, తల మనవైపు ఉండాలి, లేకపోతే డబ్బు బయటికి పోతుందట. గల్లాపెట్టె దగ్గర ఇత్తడి తాబేలు, గిన్నెలో నీళ్లు పోసి ఉత్తరం వైపు. ఇత్తడిదైతే గొడవ లేదు, అది ఊపిరి పీల్చదు. కొందరికి ప్రాణమున్నదే కావాలి. రాయలసీమ చిట్టడవుల్లో గడ్డీ గాదం తిని బతికే నక్షత్ర తాబేలును అదృష్టమని చెప్పి పట్టుకొచ్చి అపార్ట్‌మెంటు బాల్కనీలో పెట్టి టమాటా ముక్కలు పెడతారు. సూట్‌కేసుల్లో, సాక్సుల్లో చుట్టి విమానాలెక్కిస్తారు. మన దేశంలో ఒక్క వ్యాపార కేంద్రం కిందే ఏడాదికి కనీసం 55 వేల నక్షత్ర తాబేళ్లను అడవి నుంచి పట్టేస్తున్నారని 2015లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. 2019లో అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషిద్ధమైంది. 2022 సవరణతో మన చట్టంలోనూ దానికి మొదటి షెడ్యూలు దక్కింది. అంటే బాల్కనీలోని ఆ అదృష్టం విలువ ఇప్పుడు మూడు నుంచి ఏడేళ్ల జైలు.

ఇక ఇరవై గోళ్ల తాబేలు సంగతి. నక్షత్ర తాబేలుకు ముందు కాళ్లకు అయిదేసి, వెనక కాళ్లకు నాలుగేసి, మొత్తం 18 గోళ్లుంటాయి. కాబట్టి 20 ఉన్నది దొరికితే లంకెబిందెలు దొరికినట్టే అన్నాడు ఎవడో. రెండు తలల పాము, ఇరిడియం చెంబు కొన్న పెద్దమనుషులే దీన్నీ కొంటారు. లక్షలు పోగొట్టుకున్నాక పోలీసు స్టేషన్‌కూ వస్తారు. ఎదుటివాడు మోసగాడే కావచ్చు గానీ, ఇంట్లో అయిదు వేళ్ల పిల్లాడికి లెక్కలు రాకపోతే ఇన్నేళ్లూ పట్టించుకోని మనిషి తాబేలు గోళ్లు మాత్రం ఎంత శ్రద్ధగా లెక్కపెట్టాడో చూడండి.

మళ్లీ రిడ్లీ దగ్గరికి వస్తే, వలను తప్పించుకుని ఒడ్డెక్కిన తల్లికైనా సుఖం లేదు. పిల్లలు పుట్టగానే ఎటు వెలుగుంటే అటు నడుస్తాయి. యుగాలుగా రాత్రిపూట వెలుగంటే సముద్రమే. ఇప్పుడు బీచి రోడ్డు దీపస్తంభాలు, రిసార్టు తోరణాలు. పిల్లలు సముద్రానికి వీపు చూపించి రోడ్డెక్కుతాయి. మనం సుందరీకరణ అంటాం.

పైగా ఇసుక వేడెక్కుతోంది. తాబేలు పిల్ల ఆడో మగో తేల్చేది గూటి వేడి. 29, 30 డిగ్రీల దగ్గర ఇద్దరూ పుడతారు, అంతకు మించితే ఆడపిల్లలే. ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగంలోని పచ్చ తాబేళ్ల పిల్లల్లో 99 శాతం పైగా ఆడవేనని 2018లో లెక్కతేల్చారు. ఆడపిల్ల పుట్టకుండా చూసుకోవడానికి స్కానింగ్ సెంటర్ల చుట్టూ ఇన్నేళ్లు తిరిగిన మనమే పొగా వేడీ పంచిపెట్టి సముద్రానికి ఆడపిల్లలనే ఇస్తున్నాం. మగపిల్లాడి కోసం అదెక్కడ మొక్కుకోవాలో!

గుడ్లు పెట్టేటప్పుడు తాబేలు కళ్ల నుంచి నీళ్లు కారుతాయి. చూసినవాళ్లు పురిటి నొప్పులంటారు, మాతృత్వమంటారు, కవులైతే ఇంకా చాలా అంటారు. అది సముద్రపు నీటితో ఒంట్లో చేరిన ఉప్పును వదిలించుకోవడం, అంతే. తాబేలుది ఉప్పునీరు. వంద పిల్లలను వదిలిన సభలో ఉపన్యాసకుల కళ్లలో మెరిసింది ఏ జంతువుదో మీకే తెలుసు.

అడగాల్సినవి రెండే. వేట నిషేధాన్ని చేపలకు ఉంచి, తాబేళ్లు గుడ్లు పెట్టే మూడు నెలలూ ఆ 8 కిలోమీటర్ల గీత దగ్గర ఒక పడవైనా కాపలా ఉంచండి. తలుపు పెట్టిన వలకు డీజిల్ రాయితీలో ఒక రూపాయి ఎక్కువిచ్చి, పెట్టని వలకు తగ్గించండి. ఎవరి డిప్పలోంచి ఎవరి తల ముందు బయటికి వస్తుందో చూద్దాం. ఈలోగా చేపల మార్కెట్లో రొయ్యలు బేరమాడేటప్పుడు "మీ వలకు తలుపుందా అమ్మా?" అని ఒకసారి అడగండి. ఆమె మిమ్మల్ని వింతగా చూస్తుంది. నన్నూ చూసింది. రెండోసారి అడిగినప్పుడు కొడుకుని అడిగి చెప్తానంది.

ఆ ఆదివారపు తాబేలు కోసం ట్రాక్టరు బుధవారం వచ్చింది. కుక్కలు అప్పటికి వాటాలు తేల్చుకున్నాయి. గుంత తవ్వి లోపలికి దొర్లిస్తుంటే డిప్ప కింద నుంచి గుడ్లు బయటపడ్డాయి, పింగ్‌పాంగ్ బంతుల్లా గుండ్రంగా, తెల్లగా. వందకు తక్కువుండవు. ఎవరూ లెక్కపెట్టలేదు.